దారిలో భయము కలిగినప్పుడు

బీచుపల్లి వద్ద కృష్ణ వంతెనమీద బండి నడుపుచుండగా గుండె దడదడలాడి, ఊపిరి అందక, చేతులు తిమ్మిరెక్కి, ఇక చావే అనిపించినదని కొందరు చెప్పగా వింటిమి. 2013 అక్టోబరు 30న అదే రహదారిమీద పాలెము వద్ద బస్సు కాలి 45 మంది మరణించిరి. ఆ చోటు దాటునప్పుడు వణకువారును కలరు.

ఇది అవిశ్వాసమా? విశ్వాసమున్నయెడల ఆగక నడుపుమని కొందరందురు. మేమట్లు చెప్పజాలము. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దేవుడు గద్దింపలేదు. మొదట నిద్రయు ఆహారమును ఇచ్చెను. దేవాలయ శిఖరమునుండి దూకుమనగా ప్రభువు దూకలేదు. వణకు చేతులతో బండి నడుపుటయు దేవుని శోధించుటయే. ఎదుట వచ్చువాని ప్రాణము కూడ మన చేతిలో నున్నది గదా.

కాబట్టి వేగము తగ్గించి, వంతెన దాటి, భద్రమైన చోట ఆపవలెను. గబగబ పీల్చుటచేతనే తిమ్మిరి కలుగవచ్చును. శ్వాసను మెల్లగా విడువవలెను. ఇట్టి భయము సాధారణముగా 10 నిమిషములలో హెచ్చి, పిమ్మట తగ్గును. అయినను గుండెజబ్బు కాదని వైద్యునిచేత తేల్చుకొనవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరున ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఆ దారినే మానుకొన్నయెడల భయము బలపడును. తోడుతో కొద్దికొద్దిగా మరల వెళ్లవలెను. ప్రక్కన కూర్చుండుట సంఘము పని. "ఎందుకు భయపడుదువు?" అనువారు అనేకులు; "నేను వచ్చెదను" అనువారు కొద్దిమందియే. ఈ నెలలో మనలో ఒక్కరైనను ఆ రెండవ మాట పలుకుదురు గాక.