తుమ్మెద తీసుకున్నదీ ఇచ్చినదీ: రాయలసీమ విత్తన పత్తి చేల నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

తెలుగు కావ్యాల్లో తుమ్మెద లేని వనవర్ణన అరుదు. తేటి, భృంగం, మధుపం, షట్పదం, చంచరీకం అని పేర్లు ఎన్ని ఉన్నా ఆ ప్రాణికి మన సాహిత్యం అప్పగించిన పని ఒక్కటే: పువ్వును చేరడం, తేనె గ్రోలడం. నీతిగ్రంథాలు ఈ గ్రోలడాన్నే ఆదర్శంగా మలిచాయి. రాజు ప్రజలనుంచి పన్ను తీసుకోవలసిన తీరుకు ఉద్యోగపర్వంలో విదురుడు తుమ్మెదను చూపాడు. భిక్షువు ఊరిలో మెలగవలసిన తీరుకు ధమ్మపదం దాన్నే చూపింది. భాగవతం ఏకాదశ స్కంధంలోని అవధూత తన గురువుల్లో తేనెటీగను చేర్చుకున్నాడు. శేషప్ప కవి నరసింహ శతకంలో తేనె కూడబెట్టే జుంటీగ లోభికి హెచ్చరిక అయింది. తుమ్మెద, తేనెటీగ శాస్త్రరీత్యా వేరైనా ఈ చర్చకు ఆ భేదం అడ్డురాదు. అన్నిచోట్లా అది తీసుకునేదే. నొప్పించకుండా తీసుకుంటే సాధువు, దాచుకుంటే లోభి.

అది పువ్వుకు ఏమి ఇస్తుందన్న ప్రశ్న వీటిలో లేదు. ఉండాలని కోరడం న్యాయమూ కాదు. కీటకానికీ పువ్వుకూ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్ని జర్మనీలో స్ప్రెంగెల్ వివరంగా గ్రంథస్థం చేసింది 1793లో. అప్పుడు కూడా దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. అయితే వసుచరిత్రలో ఒక పద్యం నన్ను ఆపుతుంది. తుమ్మెద తన దగ్గరకు రాదన్న బాధతో సంపెంగ తపస్సు చేసి నాయిక ముక్కుగా పుట్టిందని చెప్పే ఆ ప్రసిద్ధ పద్యాన్ని నంది తిమ్మనకు ఆపాదించే సంప్రదాయమూ ఉంది. కవి ఉద్దేశం నాసికావర్ణన, ఆధారం కవిసమయం. అయినా తుమ్మెద రాకపోవడం పువ్వుకు లోటు అన్న ఊహ అక్కడ మెరిసింది. ఆ లోటు నిజంగా ఎవరిది, దాన్ని ఎవరు తీరుస్తారు అన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. దానికి ఆధారం కావ్యంలో కాక ఉమ్మడి కర్నూలు జిల్లా పత్తి చేలల్లో దొరుకుతుంది.

ప్రపంచంలో వాణిజ్యస్థాయికి చేరిన తొలి సంకర పత్తి రకం హెచ్-4. 1970లో సూరత్ పరిశోధన కేంద్రంనుంచి సి. టి. పటేల్ దాన్ని అందించారు. అటువంటి విత్తనం తయారు కావాలంటే ఆడ వరుసలోని ప్రతి మొగ్గనూ మనిషి ముట్టుకోవాలి. మరునాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రం పట్టుకొని, బొటనవేలి గోటితో ఆకర్షక పత్రాలనూ కేసరాలనూ ఒలిచి, కీలాన్ని మాత్రం మిగల్చాలి. గోరు లోతుగా దిగితే కాయ నిలవదు. తెల్లవారాక మగ వరుసలోని పువ్వు కోసి, దాని పుప్పొడిని ఆ కీలాగ్రానికి అద్దాలి. ఒక మగ పువ్వు నాలుగైదు మొగ్గలకు సరిపోతుంది. ఈ పని రోజూ, నెలల తరబడి సాగుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతాల్లో దీన్ని 'క్రాసింగు' అంటారు. వేరే మాట నేను వినలేదు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, ఆ విత్తనమూ ప్రధానంగా సంకర రకాలుగానే అమ్ముడవడంతో ఈ పనికి గిరాకీ పెరిగింది. సాగు ఖర్చులో పెద్ద వాటా కూలిదే. అందువల్ల తక్కువ కూలికి దొరికేవారు, పైరు ఎత్తుకు సరిపోయేవారు, తల్లిదండ్రులు తీసుకున్న అడ్వాన్సుకు కట్టుబడి సీజనంతా మానకుండా వచ్చేవారు కావలసి వచ్చారు. వారు బాలికలు. దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన అధ్యయనం ఈ సంగతిని దేశదేశాల దృష్టికి తెచ్చింది.

నా అనుభవం ఇక్కడ చెప్పకపోతే ఈ పరిశీలన నిజాయితీగా ఉండదు. ఆరో తరగతిలో ఉండగా రెండు నెలలు నేను క్రాసింగుకు పోయాను. మా జేజి నా పసుపు వేళ్లు చూసి, "ఈగ చేసే పని బిడ్డ చేతికొచ్చెనే" అనేది. చాలా ఏళ్ల తర్వాత, ప్రబంధాల్లోని తుమ్మెద పద్యాలను వర్గీకరిస్తున్నప్పుడు ఆ మాట గుర్తుకువచ్చింది. ఆమె మాట సరైనదే అనుకుంటూ ఈ వ్యాసం మొదలుపెట్టాను. అది సగమే సరైనదని ఇప్పుడు భావిస్తున్నాను.

ఈగ చేసే పనిని మనిషి చేతితో చేయడం రెండు విధాలు. మొదటిదానికి ఉదాహరణ పొద్దుతిరుగుడు. కర్నూలు, కడప మెట్ట చేలల్లో పూత దశలో ఉదయం పూట పల్చటి గుడ్డతో పువ్వు తలను మృదువుగా రుద్దమనీ, ఆ సమయంలో పురుగుమందు కొట్టవద్దనీ రైతులకు సలహా ఇస్తారు. రుద్దడం ఈగలు చాలనందుకు. మందు కొట్టవద్దనడం ఉన్నవాటిని చంపవద్దని. చైనాలో సిచువాన్ ప్రాంతపు హన్‌యువాన్ పియర్ తోటల్లో రైతులు చెట్లెక్కి ఈకల కుంచెలతో పుప్పొడి అద్దడమూ ఇటువంటిదే. ఇక్కడ చెయ్యి లేని ఈగకు ప్రత్యామ్నాయం. జేజి మాట దీనికి పూర్తిగా వర్తిస్తుంది.

విత్తన పత్తి చేను వేరు. అక్కడ ఈగ రావడం ఎవరికీ ఇష్టం లేదు. అది ఏ చేని పుప్పొడి మోసుకొస్తుందో తెలియదు కనుకనే ఇతర పత్తికి దూరం పాటించాలన్న నియమం పెట్టారు. అంటే నా చెయ్యి ఈగ స్థానాన్ని భర్తీ చేయలేదు, ఈగను బయట నిలబెట్టింది. మొదటి చోట మనిషి తాను కలిగించిన లోటును తానే పూడ్చుకుంటున్నాడు. రెండో చోట యాదృచ్ఛికతను తొలగించి, సంపర్కాన్ని తన ఎంపికకు లోబరుస్తున్నాడు. పర్యావరణ చర్చల్లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల రెండో దానిలోని దోషం మరుగున పడుతోంది. ఎంపిక తప్పని నేను అనడం లేదు. వ్యవసాయమంతా ఎంపికే, సంకర విత్తనం దిగుబడిని పెంచిన మాటా వాస్తవమే. ఆ ఎంపికకు అయ్యే శ్రమను బేరమాడలేనివారి వేళ్లకు అప్పగించడం దగ్గర దోషం ఉంది.

ఇక్కడ మధుకరవృత్తి ఆదర్శం చాలదని నా అభిప్రాయం. పువ్వుకు హాని చేయకుండా తీసుకో అన్న నియమం తీసుకునేవాడి నడతను మాత్రమే తూస్తుంది, ఇచ్చేవారిని లెక్కలోకి తీసుకోదు. తేనెటీగ తెలియకుండా ఇస్తుంది. తాను ఏమి తయారుచేస్తున్నదో క్రాసింగు పిల్లకూ తెలియదు. ఈ పోలిక ఆకర్షణీయం, అందుకే ప్రమాదకరం. ఈగ అడగకపోవడానికి కారణం దానికి అవసరం లేకపోవడం. తన మకరందం తనకు అందింది. పిల్ల అడగకపోవడానికి కారణం అడిగే వీలు లేకపోవడం. 'చిట్టి చేతులు', 'చేలో చిన్నారి తుమ్మెదలు' వంటి మాటలు వాడినప్పుడు రచయిత కరుణ చూపుతున్నాననుకుంటాడు. నిర్బంధానికి ప్రకృతి రంగు పూస్తున్నాడని గమనించడు. అలంకారశాస్త్రం చదివినవాళ్లం ఉపమేయానికి జరిగే ఈ అన్యాయాన్ని గుర్తించగలగాలి.

తేనెటీగల సేవకు రూపాయల్లో విలువ కట్టాలన్న వాదం మీదా నాకు ఇటువంటి సందేహమే ఉంది. విలువ కట్టకపోతే విధాననిర్ణేతలు వినరన్నది నిజం. కానీ వెల కట్టిన మరుక్షణం దానికంటే చవకైన ప్రత్యామ్నాయం వెతకడం మొదలవుతుంది. మన చేలల్లో ఆ చవకైనది ఏదో ముందే తెలుసు. 2016 బాలకార్మిక చట్ట సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదంది. బడి వేళలు తప్పించి సొంత కుటుంబానికి సాయపడటాన్ని మాత్రం మినహాయించింది. మొగ్గ ఒలిచేది బడి వదిలాక, సాయంత్రం పూటే.

పుప్పొడి సోకిన పత్తి పువ్వు మరునాటికి ఎర్రబడి వాడిపోతుంది. ఆ రంగు చూసి నిన్నటి పని నిలిచిందో లేదో చెప్పగలమని అప్పట్లో మేము అనుకునేవాళ్లం. నిజానికి పుప్పొడి సోకినా సోకకపోయినా పువ్వు ఎర్రబడుతుంది.