గెలిచిన గుర్రం మీద సీసం

మలక్‌పేట రేసుకోర్సులో రేసుకార్డు చేతికి రాగానే ఎవరైనా ముందు గుర్రం పేరు చూస్తారు, తర్వాత జాకీ పేరు. నా కన్ను మాత్రం పక్కనున్న కిలోల అంకె మీదికి పోతుంది. ఒక గుర్రానికి 60 అని ఉంటుంది, ఇంకోదానికి 51. ఇప్పటిదాకా బాగా పరుగెత్తినది 60 కిలోలు మోస్తూ పరుగెత్తాలి. వెనకబడుతూ వచ్చినదానికి 51 చాలు. జాకీ, జీను కలిసి ఆ అంకెకు తూగకపోతే తక్కువైనదంతా సీసపు పలకలుగా జీను దగ్గర సంచుల్లో సర్దుతారు. పందేనికి ముందొక తూకం, అయ్యాక మళ్లీ తూకం. రెండోసారి తరుగు తేలితే గెలిచిన గుర్రం కూడా గెలవనట్టే.

దీన్ని హ్యాండికాప్ అంటారు. మన దేశంలో జరిగే పందేల్లో ఎక్కువ భాగం ఇవే. గెలిస్తే రేటింగు పెరుగుతుంది, దానితోపాటు బరువూ పెరుగుతుంది. ఓడుతూ పోతే బరువు దిగుతూ వస్తుంది. ఈ లెక్కకు ఒక పద్ధతి తెచ్చినవాడు 19వ శతాబ్దపు ఇంగ్లండులో అడ్మిరల్ హెన్రీ జాన్ రౌస్. నౌకాదళం వదిలి రేసుల్లో మునిగిన ఆయన ఏ వయసు గుర్రం, ఏ నెలలో, ఎంత దూరానికి, ఎంత మోయాలో పట్టిక కట్టాడు. 1855 నుంచి అధికారికంగా బరువులు వేసే బాధ్యత ఆయనదే అయింది. ఈ పని చేసే మనిషికి కల ఒకటే: బరిలో ఉన్న గుర్రాలన్నీ ఒక్కసారే గీత దాటాలి. పందెం నడిపేవాడు కోరుకునేది ఎవరూ గెలవని పందెం!

చూడగానే ఇదేదో సామాజిక న్యాయం లాగా ఉందే అనిపిస్తుంది. నాకా పోలిక నచ్చదు. అక్కడ లోకం తరాలుగా మోపిన బరువును దించడం ఉంది. ఇక్కడ పుట్టుకతో లేని బరువును తెచ్చి కట్టడం ఉంది. పైగా ఇక్కడ బలహీనమైన గుర్రం మీద ఎవరికీ జాలి లేదు. ఏది గెలుస్తుందో ముందే తెలిసిపోతే పందెం కాసేవాడు టికెట్ల కిటికీ దగ్గరికి రాడు. అనిశ్చితి అమ్ముడుపోవాలి, అందుకే సమానత్వం. ఈ సంగతి ఒప్పుకుంటే హ్యాండికాప్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ధర్మకార్యంలా చెబితేనే చిరాకు.

సత్తా తెలియాలంటే క్లాసిక్ పందేలు చూడాలి. గాంధీ జయంతి నాడు హైదరాబాదులో పరుగెత్తే దక్కన్ డెర్బీ అలాంటిది. మగవాటన్నిటికీ ఒకే బరువు, ఆడవాటికి కాస్త తక్కువ, అంతే. (అక్టోబరు 2నే పందెం ఎందుకని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. సెలవు దినం కదా అనుకోవడమే.) ముంబయి మహాలక్ష్మిలో 1943లో మొదలైన ఇండియన్ డెర్బీని ఆ మొదటి ఏడాదే ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనే ఆడ గుర్రం గెలుచుకుంది. అలాంటి రోజుల్లో గుర్రం గురించి నిజం తెలుస్తుంది. మిగతా రోజుల్లో తెలిసేది బరువులు వేసినవాడి తెలివి.

అసలు చిక్కు వేరే ఉంది. గెలుపుకు బరువు శిక్ష అయితే, ఓటమికి బరువు తగ్గింపు బహుమతి అవుతుంది. నాలుగు పందేలు కావాలని వెనకబడి, సీసం దించుకుని, ఐదో పందెంలో పెద్ద మొత్తం కాయవచ్చన్న ఆలోచన ఆ నియమంలోంచే పుడుతుంది. అందుకని ఇంకో నియమం రాయాల్సి వచ్చింది: ప్రతి గుర్రాన్నీ దాని శక్తి మేరకు పరుగెత్తించి తీరాలి. దాన్ని కాపాడటానికి స్టీవార్డులనే తీర్పరులు కావాలి, మలుపు మలుపుకీ కెమెరాలు కావాలి, జాకీని పిలిచి కళ్లెం ఎందుకు లాగిపట్టావని అడిగే గది కావాలి. ఒక నియమం పెట్టిన ఆశకు ఇంకో నియమం కాపలా. నిజాయితీగా పరుగెత్తమని గుర్రానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రేసు నియమాల పుస్తకం ఎంత లావున్నా అందులో గుర్రం మీద అనుమానంతో రాసిన వాక్యం దొరకదు. అనుమానమంతా దాని వీపు మీదున్నవాడి మీదా, దాన్ని మేపేవాడి మీదా, కొన్నవాడి మీదా.

ఆ వీపు మీదున్నవాడి గురించి ఒక మాట. తక్కువ బరువు వేసిన గుర్రం ఎక్కాలంటే జాకీ అంతకన్నా తక్కువ తూగాలి. రాత్రి అన్నం మాని, ఆవిరి గదిలో చెమట కార్చి, నోరు తడుపుకుని తూకానికి నిలబడే కుర్రాళ్లు ప్రపంచంలోని ప్రతి రేసుకోర్సులోనూ ఉంటారు. హ్యాండికాప్ లెక్కలో సీసం ఒక్కటే కనిపిస్తుంది. వాళ్ల ఆకలికి అందులో గడి లేదు.

స్టీవార్డుల గదిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసే ప్రశ్న ఇంకోటుంది. ముందున్న గుర్రం పక్కకు జరిగి వెనకదాని దారికి అడ్డం వస్తే ఏం చేయాలి? దీనికి లోకంలో రెండు మార్గాలున్నాయి. ఒకటి చేసిన పనిని చూస్తుంది: అడ్డం వచ్చి ఇంకోదాని స్థానం చెడగొట్టావు కాబట్టి నువ్వు దాని వెనక్కి పో. రెండోది ఫలితాన్ని చూస్తుంది: అడ్డం రాకపోయి ఉంటే వెనకది నిన్ను దాటేదా? దాటేది కాదనుకుంటే గెలుపు నీదే, శిక్ష జాకీకి మాత్రమే. అమెరికా చాలావరకు మొదటి మార్గాన్ని పట్టుకుని ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియా రెండోదానివి. జపాన్ 2013లో, ఫ్రాన్స్ 2018లో ఇటువైపు వచ్చాయి.

అమెరికాలో 2019 కెంటకీ డెర్బీలో మాగ్జిమమ్ సెక్యూరిటీ అనే గుర్రం ముందుగా గీత దాటింది. స్టీవార్డులు 22 నిమిషాల పాటు వీడియో చూసి, మలుపులో పక్కకు జరిగి మిగతావాటికి అడ్డం వచ్చిందని దాన్ని దించారు. గెలుపు కంట్రీ హౌస్‌కు దక్కింది. దాని మీద డాలరు కాసినవాడికి 65 డాలర్ల లాభం. బ్రిటన్‌లో ఇదే జరిగితే ఫలితం వేరుగా ఉండేదని వాదించినవాళ్లు చాలామంది. నా మొగ్గు రెండో మార్గం వైపు. పరుగెత్తింది గుర్రం, తప్పుగా తిప్పింది జాకీ చెయ్యి. రెంటినీ విడదీయడం సబబుగా తోస్తుంది. కానీ ఈ మొగ్గుకు ఒక ముల్లుంది. గెలుపు బహుమతి కోట్లలోనూ, జాకీకి పడే శిక్ష నాలుగు రోజుల సస్పెన్షన్‌గానూ ఉంటే, తప్పు చేయడం లాభసాటి అవుతుంది. పైగా “అడ్డం రాకపోయి ఉంటే” అనే ప్రశ్నకు ఏ కెమెరా జవాబు చెప్పలేదు. జరగని పందేన్ని ముగ్గురు మనుషులు తలలో పరుగెత్తించి తీర్పు చెబుతున్నారు.

తెలుగువాళ్లకు గుర్రం మీద పందెం కొత్త కాదు. మలక్‌పేటకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రేసుల్ని తెచ్చింది 1886లో. అంతకన్నా ఎంతో ముందు, భారత కథలో కద్రువ, వినత ఉచ్చైశ్రవం అనే గుర్రం తోక రంగు మీద పందెం కాశారు. ఓడినామె దాసి కావాలి. తెల్లటి తోకను నల్లగా చూపించడానికి కద్రువ తన కొడుకులైన పాముల్ని తోకకు చుట్టుకోమంది. ఒప్పుకోనివాళ్లను సర్పయాగంలో చావమని శపించింది కూడా. ఆ కథలో నాకు ఎప్పుడూ కనిపించేది గుర్రమే. పందెం దాని ఒంటి మీద, మోసం దాని ఒంటి మీద, దానికి మాత్రం ఏమీ తెలియదు.

ఇప్పుడు పాముల పనిని సూదులు చేస్తాయి. అందుకే పందెం అయ్యాక గుర్రం మూత్రం, నెత్తురు పరీక్షకు పంపుతారు. 2021 కెంటకీ డెర్బీ గెలిచిన మెడీనా స్పిరిట్ నమూనాలో బీటామెథసోన్ అనే వాపు తగ్గించే మందు దొరికింది. గెలుపు రద్దు చేస్తూ తీర్పు వచ్చింది 2022 ఫిబ్రవరిలో. అప్పటికి ఆ గుర్రం బతికిలేదు, డిసెంబరులో శిక్షణ పరుగు తర్వాత కుప్పకూలింది. ఆ మందుకూ మరణానికీ సంబంధం తేలలేదు. దాని మీద కాసి గెలిచినవాళ్ల డబ్బు మాత్రం వాళ్లకే ఉండిపోయింది. పందెం ఫలితాన్ని తొమ్మిది నెలల తర్వాత మార్చవచ్చు గాని, కిటికీలోంచి వెళ్లిపోయిన నోటును వెనక్కి పిలవలేరు.

కొరడా సంగతీ అలాంటిదే. బ్రిటన్‌లో 2023 నుంచి అడ్డంకులు లేని చదును పందెంలో ఆరు దెబ్బలే అనుమతి. ఆ హద్దును నాలుగు దెబ్బలు మించితే గుర్రాన్నే ఫలితంలోంచి తీసేస్తారు. దెబ్బలు లెక్కపెట్టుకునే దయ అంటే నాకు నమ్మకం కుదరదు. ఆరో దెబ్బకూ ఏడో దెబ్బకూ మధ్య గుర్రం ఒంటికి ఏ తేడా తెలుస్తుంది? నార్వే 1982లోనే కొట్టడాన్ని నిషేధించింది. అక్కడా పందేలు నడుస్తున్నాయి, అక్కడా ఒక గుర్రం మొదట వస్తోంది.

ఇక ఇది జూదమా, నైపుణ్యమా అన్న పాత తగువు. తమిళనాడు ప్రభుత్వం గుర్రప్పందేల మీద పందెం కాయడాన్ని మాన్పాలని చూస్తే మద్రాస్ రేస్ క్లబ్ తరఫున వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ తీరు అన్నీ తెలిసి కాసేది కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యమేనని 1996లో కోర్టు తేల్చింది. జీఎస్టీ మండలి దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోయింది. క్యాసినోలతో కలిపి 2017లో 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. కోర్టు దృష్టిలో విద్య, ఖజానా దృష్టిలో జూదం.

నలోపాఖ్యానంలో ఈ రెండు విద్యలూ ఒకే రథం ఎక్కుతాయి. బాహుకుడి వేషంలో ఉన్న నలుడికి అశ్వహృదయం, అంటే గుర్రాల విద్య, తెలుసు, పాచికలు తెలియక రాజ్యం పోగొట్టుకున్నాడు. రథంలోని రాజు ఋతుపర్ణుడికి అక్షహృదయం, అంటే పాచికల విద్య, తెలుసు, తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ కూడా లెక్కచెప్పగలడు. ఇద్దరూ విద్యలు మార్చుకుంటారు. పందెం కాసేవాడికి నలుడి విద్య ఉందని కోర్టు అనుకుంది. నేను చూసినంతలో కిటికీల దగ్గర ఉన్నవాళ్లంతా ఋతుపర్ణుడి శిష్యులే. పాత పందేల అంకెలు, బరువులు, అందరూ కాసిన డబ్బును ఒకచోట చేర్చే టోటు బోర్డు మీద మారే ధరలు, వీటి మీదే చూపు. గుర్రాల్ని నడిపించి చూపించే ప్యాడక్ దగ్గర నిలబడి కాళ్లూ కండా పరిశీలించేవాళ్లు కొద్దిమంది. పైగా టోటులో ముందే క్లబ్బు, ప్రభుత్వం తమ వాటా తీసుకున్నాక మిగిలినదే గెలిచినవాళ్లు పంచుకుంటారు. నైపుణ్యం ఉన్నా అది పక్కవాడి అజ్ఞానం మీద పనిచేయాలి, ఆ కోతను కూడా దాటాలి.

నాకు ఈ వ్యవస్థ మీద గౌరవం కలిగించేదీ, కోపం తెప్పించేదీ ఒకటే పుస్తకం. ఇంగ్లండులో 1791లో మొదలైన జనరల్ స్టడ్ బుక్ అనే గుర్రాల వంశావళి దారిలోనే మన దేశానికీ ఒక స్టడ్ బుక్ ఉంది. ప్రతి థరోబ్రెడ్ రేసు గుర్రం మగ వంశం మూడు గుర్రాలకు చేరుతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గోడాల్ఫిన్ అరేబియన్. కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లకు ఆ పుస్తకంలో చోటు లేదు. ఏ తేదీన పుట్టినా జనవరి 1న అన్నిటికీ ఒక ఏడు నిండుతుంది. డీఎన్ఏ పరీక్ష, మైక్రోచిప్, తల్లి తండ్రి, రంగు, మచ్చ, అన్నీ రాస్తారు. మనుషుల్లో చాలామందికి ఇంత శ్రద్ధగా రాసిన వంశవృక్షం లేదు.

ఆ శ్రద్ధ పరుగు ఉన్నంతకాలమే. కాలు దెబ్బతిన్నదో, రేటింగు అడుగంటిందో, కొన్ని స్టడ్ ఫారాలకు పోతాయి, కొన్ని స్వారీ బడులకు. మిగిలినవి ఎక్కడికి పోయాయో ఎవరైనా అడిగితే ఆ పుస్తకం తిరగేసి చెప్పగలగాలి. బ్రిటన్ రేసింగ్ 2000లో విశ్రాంత గుర్రాల కోసం ఒక సంస్థ పెట్టి, వాటికి ఇతర పనుల్లో శిక్షణ ఇప్పిస్తోంది. మన దగ్గర క్లబ్బులు తలచుకుంటే అంతకన్నా తేలిక దారి ఉంది. కొత్త గుర్రాన్ని నమోదు చేయించుకునే యజమాని తన పాత గుర్రాల్లో ప్రతిదీ ఇప్పుడు ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో, చనిపోతే ఎందుకు చనిపోయిందో రాసిచ్చాకే నమోదు చేయాలి. ఖర్చుకు ప్రతి పందెం బహుమతిలోంచి రూపాయికి రెండు పైసలు పక్కన పెట్టాలి. దీనికి చట్టసభ అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు. తరుగు తూకానికి గెలుపును కొట్టేయగల నియమావళిలో ఒక పేరా చేరిస్తే సరిపోతుంది.