ఈ అప్పు ఎవరికి తీర్చాలి?

విద్యను నలుగురికీ పంచాలని మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. వక్తృత్వ పోటీల్లో మనమే గట్టిగా చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం కూడా. కానీ "ఎందుకు పంచాలి?" అని ఎవరైనా నిలదీస్తే? "పుణ్యం వస్తుంది", "పేరొస్తుంది" అనే జవాబులు నాకు సరిపోలేదు. పంచడం దయ అయితే, మనసైతే చేస్తాం, లేకుంటే మానేస్తాం. అదే అప్పు తీర్చడమైతే మానడానికి వీల్లేదు. ఈ రెండింటిలో ఏది నిజం? ఈ ప్రశ్నను ఒక చిన్న వస్తువును ముందు పెట్టుకుని ఆలోచించాను. ఆ వస్తువు వాకీ-టాకీ.

వాకీ-టాకీని పోలీసుల చేతుల్లో అందరూ చూసే ఉంటారు. మామూలు మనుషులు కూడా పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ దగ్గర లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడవచ్చు. వాళ్ళను హామ్‌లు అంటారు. మన దేశంలో 12 ఏళ్ళు నిండితే చాలు, ఆ పరీక్ష రాయొచ్చు. అంటే మనలో చాలామందికి ఆ వయసు వచ్చేసింది.

కొత్త సెట్టు కొన్న వెంటనే పని మొదలుకాదు. ఏ ఛానల్లో ఏ ఫ్రీక్వెన్సీ ఉండాలి, దాని పేరేమిటి, ఏ టోన్ వాడాలి, ఇవన్నీ అందులో నింపాలి. చిన్న చిన్న బటన్లతో ఒక్క ఛానల్ నింపడానికే చిరాకొస్తుంది. ఒక క్లబ్బులో 20 సెట్లు ఉన్నాయనుకోండి, ఒక్కోదాంట్లో 30 ఛానళ్ళు నింపాలనుకోండి. మొత్తం 600 సార్లు అదే పని. ఎక్కడో ఒకచోట ఒక అంకె తప్పు పడక మానదు. తీరా అవసరం వచ్చిన రోజున ఆ ఒక్క సెట్టే మూగబోతుంది.

అందుకే సెట్టును కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి నింపే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తయారుచేసిన కంపెనీలు సాధారణంగా తమ సెట్టుకు మాత్రమే పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. సెట్టు మారితే సాఫ్ట్‌వేర్ మారుతుంది. చాలావరకు అది విండోస్‌లో తప్ప నడవదు. ఈ ఇబ్బంది చూసి అమెరికాలో డాన్ స్మిత్ అనే హామ్ 'చిర్ప్' అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. రకరకాల కంపెనీల సెట్లకు ఒకే ప్రోగ్రామ్. డబ్బు కట్టక్కర్లేదు. లోపల ఎలా రాశారో ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చొచ్చు.

అయితే బజారులోకి కొత్త సెట్టు వచ్చిన రోజున చిర్ప్‌కు దాని గురించి ఏమీ తెలియదు. ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. ఆ నేర్పే పాఠాన్ని డ్రైవర్ అంటారు. సెట్టు జ్ఞాపకంలో ఏ సమాచారం ఏ గదిలో ఉందో కంపెనీలు సాధారణంగా చెప్పవు. అప్పుడేం చేస్తారంటే, ముందు సెట్టులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి చదివి పెట్టుకుంటారు. తర్వాత సెట్టులో ఒక్కటంటే ఒక్కటే మార్చి మళ్ళీ చదువుతారు. రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి ఏ అంకె మారిందో వెతుకుతారు. ఉదాహరణకు బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి సెట్టు 145.500 మెగాహెర్ట్జ్‌ను 14 55 00 00 అని రాసుకోదు. వెనక నుంచి ముందుకు 00 00 55 14 అని రాసుకుంటుంది. ఆ సెట్టులో 128 ఛానళ్ళు, ఒక్కో ఛానల్‌కు 16 గదులు. ఇలా గదిగదికీ తలుపు తట్టి చూడాలి. ఇది రాత్రుళ్ళు తినేసే పని.

మన ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఆ మనిషి తన సెట్టు కోసమే ఈ పని మొదలుపెట్టాడు. తన సెట్టు పనిచేసిన రోజున అతని పని అయిపోయింది. ఇక దాన్ని శుభ్రంగా రాసి, పరీక్షించి, ముక్కూమొహం తెలియని వాళ్ళ కోసం చిర్ప్‌లో చేర్చమని పంపాల్సిన అవసరం ఏముంది? "ఇక్కడ తప్పుంది, సరిచేయి" అని వేరేవాళ్ళు చెబితే ఓపిగ్గా మళ్ళీ కూర్చోవాల్సిన అవసరం ఏముంది?

దీనికి జవాబు మన ఇళ్ళ నుంచే వినబడే చప్పుడులో ఉందని నాకు అనిపిస్తుంది. సోలాపూర్ పూర్వ భాగంలో పుట్టినవాళ్ళకు పవర్‌లూమ్ చప్పుడు కొత్త కాదు. సోలాపురి చద్దర్ మీద పువ్వు, నెమలి ఎలా పడుతున్నాయి? మగ్గం మీదున్న జకార్డ్ వల్ల. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, రంధ్రం లేనిచోట కిందే ఉంటుంది. ఉందా, లేదా అనే రెండు మాటలతోనే పువ్వంతా రాసి ఉంటుంది. కంప్యూటర్ కూడా ఒకటి, సున్నా అనే రెండు మాటలతోనే నడుస్తుంది. అంటే ప్రోగ్రామింగ్ అనే మాట మన పేటల్లోకి రాకముందే ఆ పని మన పేటల్లో ఉంది.

ఈ జకార్డ్‌ను ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రూపొందించాడని చదువుకున్నాం. కానీ అతను శూన్యం నుంచి తీయలేదు. 1725లో బుషోన్ అనే ఆయన రంధ్రాలున్న కాగితపు చుట్టతో పోగులను ఎంచే పద్ధతి కనిపెట్టాడు. కొద్ది ఏళ్ళకే ఫాల్కన్ అనే ఆయన ఆ చుట్ట బదులు అట్టలను వరసగా కట్టాడు. తర్వాత వోకాన్సన్ దాన్ని తనంతట తానే నడిచే మగ్గంగా మార్చాలని చూశాడు. ఈ ముగ్గురి పని మీద నిలబడి జకార్డ్ తన యంత్రం చేశాడు. ఫ్రెంచి ప్రభుత్వం ఆ యంత్రాన్ని ప్రజల ఆస్తిగా ప్రకటించింది. జకార్డ్‌కు జీవితాంతం పింఛను ఇచ్చింది, మగ్గానికి ఇంత అని కూడా ఏర్పాటు చేసింది. 1812 నాటికి ఫ్రాన్స్‌లో అలాంటి మగ్గాలు సుమారు 11,000 అయ్యాయి. ఆ దారిలోనే అది చివరికి మన పేటల దాకా వచ్చింది.

చిర్ప్‌లో కొత్త డ్రైవర్ రాసేవాడి సంగతీ ఇంతే. అతను మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టడు. తన సెట్టును పోలిన పాత సెట్టుకు ఎవరో రాసిన డ్రైవర్‌ను తీసుకుని, తేడా ఉన్నచోట మారుస్తాడు. అంటే పంచాలా వద్దా అని ఆలోచించే సమయానికే అతను పదిమంది దగ్గర తీసుకుని ఉన్నాడు. ఇప్పుడు తన పని అయిపోయిందని మూసి పెట్టుకుంటే, ఏరు దాటి తెప్ప తగలేసినట్టే.

మన పెద్దలు మనిషికి మూడు ఋణాలుంటాయి అంటారు: దేవ ఋణం, పితృ ఋణం, ఋషి ఋణం. ఋషి ఋణం అంటే విద్య ఇచ్చినవాళ్ళకు పడిన బాకీ. ఈ బాకీని ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇవ్వలేం. బుషోన్‌కు మనమేం ఇవ్వగలం? అందుకే నేర్చుకుని, వెనక వచ్చేవాళ్ళకు నేర్పితేనే అది తీరుతుందని చెప్పారు. వెనక్కి కట్టలేని అప్పును ముందుకు కట్టడమన్నమాట. కాబట్టి నా మొదటి ప్రశ్నకు నా జవాబు: పంచడం దయ కాదు, అప్పు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. రెండూ గట్టివే.

మొదటిది: ఏమీ ఇవ్వనివాళ్ళు కూడా తీసుకుంటారు కదా? మన చద్దర్ సంగతే చూడండి. వేరే ఊళ్ళలో నేసిన దుప్పట్లను సోలాపూర్ పేరుతో అమ్ముతున్నారని మనోళ్ళు బాధపడతారు. సోలాపురి చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నది అందుకే. మరి ఒక చేత్తో గుర్తింపు అడుగుతూ, ఇంకో చేత్తో విద్య పంచమనడం ఎలా కుదురుతుంది? కుదురుతుందనే నేను అనుకుంటున్నా. ఆ గుర్తింపు కాపాడేది పేరును, నేత విద్యను కాదు. ఎవరైనా చద్దర్ నేయొచ్చు, సోలాపూర్‌ది కానిదాన్ని సోలాపూర్‌ది అనకూడదు, అంతే. చిర్ప్‌లో కూడా ఎవరు ఏది రాశారో నమోదై ఉంటుంది. ఎవరైనా దాన్ని మార్చి వేరేవాళ్ళకు ఇస్తే, తాము మార్చినది కూడా విప్పి చూపించాలనేది దాని లైసెన్సు షరతు. విద్య పంచితే తరగదు. అబద్ధపు పేరుతో అమ్మితే మాత్రం నిజంగా నేసినవాడి కూడు పోతుంది. ఈ రెండూ ఒకటి కాదు.

రెండో ఆక్షేపణ ఇంకా కష్టమైనది. సెట్టులో ఏ ఫ్రీక్వెన్సీ అయినా నింపే వీలు అందరికీ ఇస్తే, ఎవడో ఒకడు పోలీసుల ఛానల్లోకో, అంబులెన్సు ఛానల్లోకో దూరితే? మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకునే చేతి సెట్లకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకే అనుమతి. లైసెన్సు సంగతి సరిగా చెప్పకుండా వాకీ-టాకీలు అమ్ముతున్నాయని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కొన్ని ఆన్‌లైన్ కంపెనీలకు నోటీసులు కూడా ఇచ్చింది. భయం ఉత్తిది కాదు.

కత్తి చేసినవాడిదా తప్పు, పొడిచినవాడిదా అని తేలిగ్గా తోసేయడం నాకు ఇష్టం లేదు. పంచేవాడికి కూడా బాధ్యత ఉంది. కానీ ఆ బాధ్యత తలుపు మూసేయడం కాదు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కూడా తప్పు చేయాలనుకున్నవాడు చేస్తాడు. తలుపు మూస్తే ఆగిపోయేది నేర్చుకోవాలనుకున్న పిల్లవాడే. పంచేవాడి బాధ్యత ఏమిటంటే, సరిగా పనిచేసేదే పంచడం, పంచేటప్పుడు ప్రమాదం కూడా చెప్పడం. డ్రైవర్‌లో ఒక గది అటూ ఇటూ అయితే ఇంకొకరి సెట్టు పాడవుతుంది. అందుకే కొత్త సెట్టు తగిలించగానే ముందు అందులో ఉన్నది చదివి, మార్చకుండా ఒక ప్రతి దాచిపెట్టుకోమని చిర్ప్ వాడేవాళ్ళకు చెబుతారు. పరీక్షించకుండా పంచినవాడు అప్పు తీర్చలేదు, చెల్లని నోటు ఇచ్చాడు.

ఇంత చిన్న సెట్టు గురించి ఇంత ఆలోచన ఎందుకని అడగొచ్చు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి భూకంపం గురించి మన ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. వేలమంది పోయారు, ఆ కుదుపు సోలాపూర్‌కూ తెలిసింది. అలాంటి రోజున కబురు అందడం ఎంత పెద్ద సంగతో వాళ్ళే చెబుతారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ అనే హామ్ అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున రేడియో కార్యక్రమం కోసం వెళ్ళింది. ఫోన్లు పోయిన ఆ దీవుల నుంచి తనవాళ్ళ క్షేమం తెలియక తల్లడిల్లే వాళ్ళకు ఆమె, ఆమె తోటివాళ్ళు కబుర్లు అందించారు. ఆమె వాడింది చేతి సెట్టు కాదు, దూరం పోయే పెద్ద రేడియో. అయినా సూత్రం ఒక్కటే. ఆపద రోజున సెట్టు పలకాలంటే, ఆపద లేని రోజున ఎవరో కూర్చుని దాన్ని సిద్ధం చేసి ఉండాలి. ఆ ఎవరో మనకు తెలియకపోవచ్చు.

మిత్రులారా, మనలో అందరం ప్రోగ్రాములు రాయం. కానీ మన పేటల్లో జకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టడం, డిజైన్‌ను గళ్ళ కాగితం మీదికి ఎక్కించడం చేతిలో ఉన్న పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి పోతున్నారు. ఈ దీపావళి సెలవుల్లో మీ వీధిలో అలాంటి తాతనో, పెదనాన్ననో పట్టుకుని, ఆయన పని ఎలా చేస్తాడో అడిగి నోటుబుక్కులో వరసగా తెలుగులో రాయండి. రాసింది ఆయనకే చదివి వినిపించి, తప్పులుంటే సరిచేయించుకోండి. తర్వాత ఆ నోటుబుక్కును మన బడి గ్రంథాలయంలో పెడదాం. ఎవరికి పనికొస్తుందో ఇప్పుడు మనకు తెలియనక్కర్లేదు.