ఢిల్లీ వెళ్తున్న అబ్బాయికి

నాయనా, ఎంపీగా నీ ప్రమాణ స్వీకారం టీవీలో చూశాం. తెలుగులో చేశావు, మీ పెద్దమ్మ పొంగిపోయింది. శాలువాలూ ఊరేగింపులూ ఇంకో వారంలో సద్దుమణుగుతాయి. ఆ తర్వాత మొదలయ్యే పని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఎంపీల దగ్గర పీఏగా ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. నార్త్ ఎవెన్యూ, సౌత్ ఎవెన్యూ క్వార్టర్లలో ఎవరి మాట చెల్లిందో, ఎందుకు చెల్లిందో దగ్గరుండి చూశాను.

లోక్‌సభలో 543 మంది ఉంటే ఆంధ్రా నుంచి మీరు 25 మంది. ప్రభుత్వానికి మన అవసరం పడ్డ రోజుల్లో మంత్రులే ఫోన్ చేసి పలకరిస్తారు. ఇందిరమ్మ పోయాక 1984 ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తే, 30 సీట్లతో తెలుగుదేశం సభలో అతి పెద్ద ప్రతిపక్ష పార్టీ అయింది. ప్రాంతీయ పార్టీకి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. అలాంటి రోజులు వస్తాయి, పోతాయి. మన అవసరం తీరిన మర్నాడు కూడా నీ మాట నిలవాలంటే అది కాగితం మీద ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

2014 ఫిబ్రవరి గుర్తు చేసుకో. అప్పటికి నువ్వు కాలేజీలో ఉన్నావు. 13న లోక్‌సభలో మిరియాల స్ప్రే కొట్టారు, సభ్యుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా మూజువాణి ఓటుతో రాష్ట్ర విభజన బిల్లు పాసయింది. 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రాకు అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. మాటైతే అన్నారు, చట్టంలో మాత్రం రాయలేదు. అప్పటి నుంచి ఎన్ని ధర్నాలు జరిగాయో, ఎన్ని రాజీనామాలు చూశామో నీకూ తెలుసు. 2018 జులైలో ఏకంగా అవిశ్వాస తీర్మానమే పెట్టారు, 126 ఓట్లే వచ్చి వీగిపోయింది. ఆ బిల్లు రోజుల్లో ప్లకార్డు పట్టుకున్న చేతుల్లో కొన్నైనా సవరణ నోటీసు పట్టుకుని, ఆ ఒక్క వాక్యాన్ని చట్టంలోకి ఎక్కించడానికి చివరిదాకా పోరాడి ఉండాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. వెల్‌లోకి వెళ్లొద్దని అనను. జనం కోపం సభకు తెలియాల్సిన రోజు ఉంటుంది. కానీ వెళ్లే ముందు నీ నోటీసు సెక్రటేరియట్‌లో ఇచ్చి వెళ్లు.

ప్రశ్నోత్తరాల గంటను తక్కువగా చూడకు. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలే లాటరీలో వస్తాయి, వాటిలోనూ నోటి జవాబు దాకా వచ్చేవి అయిదో ఆరో. స్పీకర్ నీ పేరు పిలిస్తే లేచి ప్రశ్న నంబరు చెబుతావు. మంత్రి జవాబును సభ ముందు ఉంచానని కూర్చుంటాడు. నీ అసలు అవకాశం ఆ తర్వాత వచ్చే రెండు అనుబంధ ప్రశ్నలు. అక్కడే మనవాళ్లు చాలామంది చేజార్చుకుంటారు. నియోజకవర్గం గొప్పతనం, పార్టీ అధినేత దూరదృష్టి, మంత్రిగారికి ధన్యవాదాలు, ఇవన్నీ అయ్యేసరికి స్పీకర్ ప్రశ్న అడగమంటారు. తడబడి ఏదో అడుగుతారు, మంత్రి 'పరిశీలిస్తాం' అని బయటపడతాడు. నువ్వు అలా చేయకు. మన రైలు లైను సంగతే తీసుకో. ఈ ఏడాది కేటాయించిన దాంట్లో ఎంత ఖర్చయింది, భూసేకరణ ఇంకా ఎన్ని ఎకరాలు మిగిలింది, అంతే అడుగు. మంత్రి తప్పించుకోలేడు. ఒకవేళ 'చేస్తాం' అన్నాడా, దాన్ని వదలకు. సభలో మంత్రి ఇచ్చిన హామీలను వెంటాడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. మూడు నెలల్లో నెరవేర్చాలని నియమం. ఆ కమిటీకి నువ్వే గుర్తు చేస్తూ ఉండాలి.

రైలు అంటే లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారు గుర్తొస్తారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా లైను కోసం ఆయన పడ్డ పాటు కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. ఆయన స్పీకర్‌గా ఉండగానే 2000-01లో మంజూరైంది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన పోయారు. కాకినాడ, కోటిపల్లి మధ్య రైలు 2004లో నడిచింది. అక్కణ్ణించి గోదావరి దాటాల్సిన ముక్క మాత్రం ఏళ్లకేళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. స్పీకర్ సాధించిన లైనుకే ఆ గతి పట్టిందంటే, మంజూరు తెచ్చి సంబరపడి ఊరుకుంటే ఏమవుతుందో చూడు. ఏటా బడ్జెట్ వచ్చాక రైల్వే పింక్ బుక్ తెరిచి మన లైను ఎదురుగా ఎంత రాశారో చూడు. రాష్ట్రం తన వాటా కట్టిందో లేదో కూడా అడుగు. కట్టకపోతే మన ప్రభుత్వమైనా సరే అడగాలి.

బాలయోగి గారి గురించి ఇంకొక్క మాట. 1991లో మొదటిసారి గెలిచి, 1996లో ఓడి, 1998లో మళ్లీ గెలిచి స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు ఆయన. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి విశ్వాస పరీక్ష. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్, ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయకుండా ఓటెయ్యడానికి వచ్చారు. తెలుగుదేశం ఆ రోజు వాజ్‌పేయి వైపు ఉంది. గమాంగ్‌ను ఆపి ఉంటే లెక్క సమానమయ్యేది. బాలయోగి ఆపలేదు, ఆ సభ్యుడి విచక్షణకే వదిలేశారు. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లతో ప్రభుత్వం పడిపోయింది. ఎన్నికలయ్యాక అక్టోబరులో వచ్చిన కొత్త సభ మళ్లీ ఆయన్నే స్పీకర్‌ను చేసింది. ఎదుటి బెంచీలవాళ్లు కూడా నమ్మదగిన మనిషివని అనిపించుకో నాయనా. మన రాష్ట్రం పని పడిన రోజున వాళ్ల ఓట్లే కావాలి.

స్థాయీ సంఘంలో వేస్తే ఒక్క మీటింగూ మానకు. ఒక్కో దాంట్లో 31 మంది, లోపల కెమెరాలుండవు, విప్ బెడద ఉండదు. శాఖ కార్యదర్శి నీ ఎదురుగా కూర్చుని లెక్క చెప్పాల్సి వస్తుంది. సభలో మూడు నిమిషాల్లో రాని సంగతులు అక్కడ రెండు గంటల్లో బయటికొస్తాయి. ముందురోజు రాత్రి ఫైలు చదువుకుని వెళ్లు. చదివి వచ్చిన ఎంపీ ఎవరో అధికారులు మొదటి ప్రశ్నకే పట్టేస్తారు.

ఏడాదికి వచ్చే అయిదు కోట్ల ఎంపీ నిధుల గురించి చుట్టూ ఉన్నవాళ్లు నీకు చాలా చెబుతారు. అందులో 15 శాతం దళితవాడలకు, ఏడున్నర శాతం గిరిజన ప్రాంతాలకు ఖర్చు చేయాలని ఉంది. అది మాత్రం తగ్గనివ్వకు.

శుక్రవారం మధ్యాహ్నం సభలో రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల వ్యవహారాలకు ఇస్తారు. ఆ వేళకు సగం మంది ఎంపీలు ఎయిర్‌పోర్టు దారిలో ఉంటారు. నువ్వు ఉండు. నీ బిల్లు పాసవ్వకపోవచ్చు, కానీ మన ఊళ్ల సంగతి తీరిగ్గా చెప్పుకునే సమయం దొరుకుతుంది. తెలుగులో చెబుతానని ముందే తెలియజేస్తే అనువాదకులు సిద్ధంగా ఉంటారు. శనివారం తెల్లవారుజామున విమానం ఎక్కినా నియోజకవర్గంలో రెండు రోజులు ఉండొచ్చు.