మనసులో కదిలే చేతులు

బజారుకు బయల్దేరిన మనిషి కొనాల్సినవి లోలోపల అనుకుంటాడు. ఉప్పు, కందిపప్పు, చింతపండు. ఆ మాటలు తనకే వినిపిస్తున్నట్టుంటాయి. మరి పుట్టుకతో వినికిడి లేనివారికో?

సైగభాషలో పెరిగిన చాలామందికి లోపల సైగలే కదులుతాయి. కలల్లోనూ సైగలే. మనసులో మాటకు శబ్దం అక్కర్లేదు.

1970లలో అమెరికాలో ఉర్సులా బెల్లూజీ, ఆమె సహచరులు ఒక పరీక్ష చేశారు. బధిరులకు వరుసగా సైగలు చూపించి, వినగలిగేవాళ్లకు మాటలు వినిపించి, గుర్తున్నవి రాయమన్నారు. వినగలిగేవాళ్లు ఒకేలా పలికే మాటల దగ్గర తడబడ్డారు. బధిరులు ఒకేలా ఉండే సైగల దగ్గర తడబడ్డారు. ‘ఓటు’ సైగ చూసి ‘టీ’ అని రాసినవాళ్లున్నారు! ఆ రెంటిలో చేతుల ఆకారం ఒకటే. ఒకదాంట్లో వేళ్లు కిందికి దిగుతాయి, రెండోదాంట్లో గుండ్రంగా తిరుగుతాయి. అంటే ఆ సైగ మనసులో చేతులుగానే నిలిచింది. శబ్దంగా కాదు.

శబ్దం లేకపోయినా ఫర్వాలేదు. భాషే అందకపోతే కష్టం.

నికరాగువాలో 1970ల చివర్లో ఒక బడిలో చేరిన బధిర పిల్లలు తమంతట తామే ఒక సైగభాషను అల్లుకున్నారు. ఎంత అద్భుతం! అయితే ఆ తొలితరం దగ్గర ‘తెలుసు’, ‘అనుకున్నాడు’ లాంటి సైగలు తక్కువ. ఎదుటివాడు పొరబడ్డాడని ఊహించాల్సిన పరీక్షలో, పెద్దయ్యాక కూడా వాళ్లు తడబడ్డారు. తర్వాత తమకన్నా చిన్నవాళ్లతో కలిసిమెలిసి ఆ సైగలు నేర్చుకున్నారు. రెండేళ్లకు మళ్లీ పరీక్షిస్తే, ఈసారి బాగా చెప్పగలిగారు.