గాయపడిన హృదయముతో పండుగకు పోవచ్చునా?

క్రిస్మసు దగ్గర పడగానే మన సిద్దిపేట ప్రాంతపు సంఘములలోని యౌవనస్థులు మెదకు ప్రయాణపు మాట ఎత్తుదురు. 2016 అక్టోబరు 11న సిద్దిపేట వేరు జిల్లా అయినది గాని, డిసెంబరు 25న మన కాళ్లు మాత్రము మెదకువైపే నడుచును. మన తాతలు ఎడ్లబండ్లు కట్టుకొని పోయిన ఊరికే నేటి పిల్లలు డి.సి.యం. వ్యానులలో, జీపులలో రామాయంపేట మీదుగా రాత్రికి రాత్రి పోవుచున్నారు. తలకింత అని చందా వేసికొందురు. ఎవరెవరు వచ్చుచున్నారో పేర్లు వ్రాసికొందురు. ఆ పట్టీలో ఒక పేరు దగ్గర కలము ఆగిపోవును. సంబంధము తప్పిపోయినవాని పేరు అది.

“అయ్యగారూ, అందరు రమ్మంటున్నరు. నాకేమో పోబుద్ధి అయితలేదు. పోతే నవ్వాలె. నవ్వితే అబద్ధమాడినట్లు కాదా?” అని అట్టివారు మమ్మును అడుగుదురు. ఇది కుర్రవాండ్ర ముచ్చట అని కొట్టివేయదగిన ప్రశ్న కాదు. దీనిలో సత్యమును గూర్చిన ప్రశ్న ఉన్నది, స్నేహితులకు మనము బాకీపడియున్న దానిని గూర్చిన ప్రశ్నయు ఉన్నది.

చావు వచ్చిన యింటికి ఏమి చేయవలెనో మన పల్లెలకు తెలియును. కబురు వినగానే చేతిలోని పని విడిచి పోవుదుము. పొయ్యి వెలుగని ఆ యింటికి చుట్టములు అన్నము వండి తెత్తురు. చెప్పుటకు మాట దొరకనివాడు సహితము అరుగుమీద గంటసేపు కూర్చుండి వచ్చును. పెండ్లి తప్పిపోయినవానికి ఇవేవియు లేవు. ప్రధానము జరిగి, మొదటి ఆదివారము గుడిలో పెండ్లి ప్రకటన చదువబడి, రెండవ ఆదివారము చదువబడకపోయినప్పుడు సంఘస్థులు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురే గాని ఆ యింటికి పోరు. పోయినవారును కారణము తెలిసికొనుటకే పోవుదురు. కట్నము దగ్గర చెడెనా, పిల్లకు ఇష్టము లేదా, పిల్లవాని నడత ఎట్టిదో అని ఆరా తీయుదురు. పెద్దమనుషులు కూర్చుండి ఉంగరము, చీర, పెట్టిన ఖర్చు, అన్నియు లెక్కకట్టి తిరిగి యిప్పింతురు. అయితే ఆ పిల్లవాడో ఆ పిల్లయో ఆరు నెలలుగా మనస్సులో కట్టుకొన్న యింటి లెక్క ఏ పంచాయతీలోను తేలదు.

పెద్దలకు తెలియకుండ తమలో తామే మాట యిచ్చికొన్నవారి సంగతి ఇంకను కష్టము. వారికి జరిగినదేమో ఇంటిలో తల్లికే తెలియదు. అన్నము ఎందుకు తినవురా అని ఆమె అడుగును, కడుపు నొప్పి అని వాడు చెప్పును. అట్టి రహస్యపు ఒప్పందములను మేము ప్రోత్సహించువారము కాము. అది వేరు విషయము. కాలు విరిగినవానికి కట్టు కట్టక ముందే, ఆ గట్టు ఎందుకు ఎక్కితివని విచారణ చేయు వైద్యుడుండడు.

ఇట్టివానికి ఊరిలో రెండు సలహాలు దొరకును. “పోరా, నలుగురిలో పడితే మరచిపోతవు” అని ఒకరు. “నెల కూడ కాలేదు, అప్పుడే పండుగలా?” అని మరియొకరు. పిల్లవానికి మొదటి సలహా, ఆడుపిల్లకు రెండవ సలహా ఎక్కువగా దొరకుట మేము చూచుచున్నాము. ఆమె నవ్వినయెడల సిగ్గులేదందురు, ఇంట కూర్చుండినయెడల ఏదో లోపమున్నదందురు. ఈ అన్యాయము మన సంఘములలోను ఉన్నదని చెప్పక తప్పదు.

మొదట అబద్ధమను మాటను విచారింతము. కొండమీది ప్రసంగములో (మత్తయి 6వ అధ్యాయము) ప్రభువు ఉపవాసమును గూర్చి బోధించినప్పుడు, మనుష్యులకు కనబడవలెనని ముఖమును వికారము చేసికొనువారిని వేషధారులనెను. తన శిష్యుడు ఉపవాసమున్నప్పుడు తల అంటుకొని ముఖము కడుగుకొనవలెనని చెప్పెను. ఇది గమనింపదగిన సంగతి. లోపలి ఆకలిని పైకి కనబడనియ్యకుండుట ఆయన దృష్టిలో వేషధారణ కాలేదు. దానిని పదిమందికి చూపి మెప్పు పొందుటయే వేషధారణ అయినది. కాబట్టి స్నానము చేసి, మంచి అంగీ తొడుగుకొని, లోపలి బాధను లోపలనే యుంచుకొని బండి ఎక్కినవాడు అబద్ధికుడు కాడు. అయితే లేని సంతోషమును తెచ్చిపెట్టుకొని, అందరికంటె పెద్దగా కేకలు వేయవలసిన పనియు వానికి లేదు. ముఖము కడుగుకొనుమని ప్రభువు చెప్పెను గాని ముఖమునకు రంగు పూసికొనుమని చెప్పలేదు.

ఇక రెండవ ప్రశ్న. స్నేహితులకు మనము ఏమి బాకీ?

దావీదు కథ మనకందరికి తెలిసినదే. అబ్షాలోము చచ్చిన దినమున రాజు గుమ్మముపైని గదిలో ఏడ్చుచుండగా, ప్రాణమొడ్డి యుద్ధము గెలిచిన జనులు ఓడిపోయినవారివలె సిగ్గుపడి దొంగచాటుగా పట్టణములో ప్రవేశించిరి. ఒకని దుఃఖము ఊరంతటి పండుగను మింగివేసినది. యోవాబు వచ్చి కఠినముగా మాటలాడెను. ఆ అబ్షాలోమును పొడిచినవాడే యోవాబు గనుక అతని నోట ఆ మాటలు వినుట మాకు ఎన్నడును ఇంపు కాలేదు. అయినను అతడు చెప్పినదానిలో న్యాయమున్నది. అప్పుడు దావీదు ఏమి చేసెను? లేచి వచ్చి గుమ్మములో కూర్చుండెను. జనులందరు ఆయన యెదుటికి వచ్చిరి. ఆయన నవ్వెననిగాని, విందు చేసెననిగాని రెండవ సమూయేలు 19వ అధ్యాయములో ఎక్కడను లేదు. కూర్చుండుట మాత్రమే ఉన్నది. జనులకు అది చాలినది.

మాకు తోచునదేమనగా, గాయపడినవాడు తన స్నేహితులకు రాకను బాకీపడియున్నాడు గాని ఉల్లాసమును బాకీపడిలేడు. సంవత్సరమంతయు తన కష్టములో నిలిచినవారు తమ సంతోషములో నిలువుమని పిలిచినప్పుడు పోవుట న్యాయము. పోయి కూర్చుండుట న్యాయము. అంతకుమించి అడుగు హక్కు వారికి లేదు.

హన్నా ప్రతి సంవత్సరమును షిలోహునకు పండుగకు పోయెను. ఆమె బాధ పెండ్లి తప్పిపోయిన బాధ కాదు, పిల్లలు లేని బాధ. అయితే ప్రయాణము ఒక్కటే. బంధువులతో కలిసి దారి నడువవలెను, ఎత్తిపొడుచు పెనిన్నాయు ఆ గుంపులోనే ఉండును. హన్నా రానని చెప్పలేదు. పోయి, పండుగ భోజనమునొద్ద తినలేక ఏడ్చెను. ఎల్కానా మంచి భర్తయే, ఓదార్చవలెననియే చూచెను. తాను పదిమంది కుమారులకంటె ఎక్కువ కానా అని అడిగెను. ఆమె ఏమి జవాబు చెప్పెనో గ్రంథములో లేదు. మన పిల్లలు “దానికంటె మంచి పిల్ల దొరుకుతది లేరా” అని చెప్పుదురే, ఇది ఆ మాటకు అన్న వంటిది. తరువాత హన్నా గుంపును విడిచి కొంతసేపు ఒంటరిగా పోయి దేవుని యెదుట తన మనస్సు కుమ్మరించెను. యాజకుడైన ఏలీ ఆమెను చూచి మత్తురాలనుకొనెను. ఏడ్చు మనిషిని త్రాగిన మనిషి అనుకొను పొరపాటు గుడిలోనే జరిగెనన్నమాట! పండుగకు పోయినవానికి పండుగలోనుండి అరగంట ప్రక్కకు పోవు స్వేచ్ఛ ఉండవలెనని ఈ కథనుబట్టి మేము చెప్పుచున్నాము.

మెదకు సీమకు సువార్త తెచ్చిన వెస్లియను మిషను ఎవరి పేరు ధరించెనో ఆ జాన్ వెస్లీగారికి ఈ గాయము రెండుమారులు తగిలినది. రెండుమారులు ఆయన నడిచిన తీరు వేరు. అమెరికాలో జార్జియా అనుచోట, సవానా పట్టణములో ఆయన పాదిరిగా నుండిన కాలములో సోఫియా హాప్కీ అను యువతిని ప్రేమించెను. పెండ్లాడవలెనో వద్దో తేల్చుకొనలేక చివరకు చీట్లు వేసి చూచెను. 1737 మార్చి 12న ఆమె విలియమ్సన్ అను వేరొకని పెండ్లాడినది. వెస్లీగారు ఆ ఊరిలోనే ఆమెకు పాదిరిగా నిలిచి, ఆగస్టు 7న ప్రభురాత్రి భోజనపు బల్లయొద్ద ఆమెను త్రోసివేసిరి. సంఘ నిబంధనలు చూపించిరి గాని ఊరివారు వేరుగా తలంచిరి. వ్యాజ్యములు లేచినవి. డిసెంబరు 2న ఆయన రాత్రివేళ ఆ ఊరు విడువవలసి వచ్చినది. గాయము మానక ముందు, ఆ మనిషి వచ్చి కూర్చుండు బల్లయొద్దకే అధికారముతో పోయి నిలుచుట ఎంత అపాయమో చూడుడు.

పండ్రెండేండ్ల తరువాత, 1749లో, ఆయన పెండ్లాడుదునని మాట యిచ్చిన గ్రేసు మర్రే అను విధవరాలికి అక్టోబరు 3న న్యూకాసిలులో జాన్ బెన్నెట్ అను ప్రసంగికునితో పెండ్లి జరిగినది. తొందరపెట్టి జరిపించినవాడు సొంత తమ్ముడైన చార్లెసే! లీడ్సు పట్టణములో ఈ కబురు ఆయనకు చెప్పినవాడు స్నేహితుడైన జార్జి విట్‌ఫీల్డు. విట్‌ఫీల్డు ఆయన ప్రక్కన కూర్చుండి ఏడ్చి ప్రార్థించెను. వెస్లీగారికి కన్నీరు రాలేదు. స్నేహితుడు ఓదార్పు మాటలన్నియు చెప్పి చూచెను, అవి పనిచేయలేదు. అయినను విడిచి పోలేదు. ఏడ్వలేనివాని వంతు ఆయన ఏడ్చెను. మరునాడు అన్నదమ్ములు ఎదురెదురు పడిరి. మొదట కఠినమైన మాటలు వచ్చెను, పిమ్మట స్నేహితులు ఏడ్చి ప్రార్థింపగా ఒకరి మెడమీద ఒకరు పడిరి. పెండ్లికుమారుడైన బెన్నెట్‌ను సహితము వెస్లీగారు కౌగిలించుకొనెను. ఆ నెలలోనే ప్రసంగములకు తిరిగి పోయెను. గ్రేసు మర్రేను ఆయన మరల చూచినది 1788లో, 39 సంవత్సరముల తరువాత. గాయము మానెనో లేదో ఆ సంఖ్యయే చెప్పును. మానిన తరువాతనే పనికిని జనులలోనికిని పోదునని ఆయన కూర్చుండియుండినయెడల ఎన్నడు పోయియుండును?

అయితే పోకూడని వేళలు లేవా? ఉన్నవి. ఆ రెండవ మనిషి అదే బండిలో వచ్చునట్లయితే, ఈ ఒక్క యేడు వేరు బండి చూచుకొనుట మంచిది. ఆమె గుడి ఆవరణములో కనబడునేమో, నేను ఎట్లున్నానో చూచునేమో అని పోవువాడు స్నేహితులతో పోవుట లేదు. వాడు వేరొక పనిమీద పోవుచున్నాడు. వానికి ఇల్లే మేలు. పోయిన యేటి ఫొటోలను సెల్‌ఫోనులో దారి పొడవునను తిప్పి చూచుకొనువాడు, ఆ ఫోనును నమ్మకమైన స్నేహితుని చేతికిచ్చి ఎక్కుట మంచిది. సీసా దాచి తెచ్చు స్నేహితుడు బండిలో ఉన్నయెడల ఆ బండి ఎక్కవద్దు. దుఃఖము మరచుటకు త్రాగుమని వాక్యములోనే ఉన్నదని సామెతల చివరి అధ్యాయమును చూపువారు, అక్కడ రాజుకు త్రాగవద్దని ఆ తల్లియే చెప్పిన ముందుమాటను చదువరు.

మెదకు గుడిని గూర్చి ఒక సంగతి. దాని కట్టుబడి 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. కరవులో నున్న జనులకు కూలియు తిండియు దొరకవలెనని పాస్నెట్ దొరగారు ఆ పని సాగించిరి. 175 అడుగుల ఆ గోపురము క్రిందికి రాళ్లు మోసినవారు కడుపు నిండినవారు కారు. లోపల రంగు అద్దముల కిటికీలు మీరందరు చూచియే యుందురు. ఒకదానిలో ప్రభువు జననము, ఒకదానిలో సిలువ, బలిపీఠము వెనుక ఆరోహణము. క్రిస్మసు వచ్చినదని సిలువ కిటికీకి ఎవరును తెర వేయరు. ఎండ వచ్చినప్పుడు ఆ కిటికీలన్నియు ఒకే కప్పు క్రింద వెలుగును.

ఇక ప్రయాణము సిద్ధపరచు యౌవనస్థులతో రెండు మాటలు. సంతోషించువారితో సంతోషించుమని పౌలు రోమీయులకు వ్రాసిన మాటను మీరు మీ స్నేహితునికి చెప్పకుడి. దానితో జతగా ఉన్న రెండవ సగము మీకు వ్రాయబడినది. తప్పిపోయిన పిల్లను బండిలో తిట్టి వానిని ఓదార్చవలెనని చూడకుడి. ఆమెయు ఏదో ఒక సంఘపు బిడ్డయే. పైగా వాడు ఇంకను గౌరవించుచున్న పేరును మీరు బురదలో వేసినయెడల, వాడు మిమ్మునుండి కూడ దూరమగును. పాటలు పాడుకొనుడి, వాడు పాడకపోయిన ఎందుకు పాడలేదని అడుగకుడి. పట్టీలో వాని పేరు వ్రాసి, చందా ముందుగా అడుగక, కిటికీ ప్రక్క చోటు వానికి విడిచిపెట్టుడి. రామాయంపేటలో టీకి ఆగువరకు వానిని ఏమియు అడుగవద్దు. అక్కడ దిగినయెడల ఒక టీ వాని చేతికిచ్చి ప్రక్కన నిలువుడి. దిగనియెడల టీని బండిలోనికే తీసికొని పోయి ఇయ్యుడి.