కర్తయు అధిష్ఠానమును

ఒక కార్యము సిద్ధించుటకు కర్త యొక్కడే చాలడనియు, అధిష్ఠానము, కర్త, కరణము, వివిధములైన చేష్టలు, దైవము అను నైదును కూడినప్పుడే యది నెరవేరుననియు భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున చెప్పబడినది. ఈ యైదింటిలో మనము పేరు పెట్టి పిలిచి పూలమాల వేయునది రెండవదానికి మాత్రమే. అధిష్ఠానమనగా శరీరమని శంకరులు వ్యాఖ్యానించిరి. ఆ వ్యాఖ్యను కాదనుట నా యుద్దేశము కాదు. కాని, కార్యము దేనిపై నిలిచి జరుగునో ఆ యాధారమునకు లోకమున ప్రత్యక్షమైన యుదాహరణము కావలెనన్నచో నేను స్నూకర్ బల్లను చూపుదును.

ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరమున క్రూసిబుల్ అను నాటకశాల గలదు. 1977వ సంవత్సరము మొదలుకొని ప్రపంచ స్నూకర్ ఛాంపియన్‌షిప్ అచ్చటనే జరుగుచున్నది. ఇట్టి పోటీకి ఆటగాండ్రు రాకమునుపే టేబుల్ ఫిట్టర్లు వచ్చి, సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల బల్లకు చట్రమును నిలిపి, దానిపై ఐదు స్లేటురాతి పలకలను, ఒక్కొక్కదానిని పలువురు కలసి యెత్తి, వరుసగా పేర్చుదురు. స్పిరిట్ లెవెల్‌ను రాతిపై నుంచి, అందలి బుడగ నట్టనడుమ నిలుచువరకు బల్ల కాళ్లను సవరించి, పలకల యతుకులను వ్రేలికి తగులనంత నునుపుగా పూడ్చుదురు. ఆ రాతిపై ఉన్ని వస్త్రమును ముడుత యన్నది లేకుండ బిగలాగి, కుషన్లు బిగించి, పాకెట్ల నోళ్లను కొలతబిళ్లతో సరిచూచి, పిదప బ్రష్షు చేసి ఇస్త్రీ పెట్టుదురు. ఈ వస్త్రమునకు నూగు గలదు. అది ఆట మొదలుపెట్టు బాక్ అను కొసనుండి నల్లబంతి యుండు కొసవైపునకు వాలియుండును గావున బ్రష్షును ఇస్త్రీపెట్టెను ఆ దిక్కుననే నడపవలెను. నూగు చెదరినచో మెల్లగా దొర్లు బంతి త్రోవ తప్పును. వందలాది ప్రేక్షకుల యూపిరిలోని తేమ ఉన్నిలో చేరినచో బంతి నడక మందగించును గనుక, రాతిని వెచ్చగా నుంచుటకు బల్ల క్రింద విద్యుత్ హీటర్ల నమర్చుదురు. కడపట, కుషన్‌కు 29 అంగుళముల దూరమున బాక్ గీతను, దానిపై 11½ అంగుళముల వ్యాసార్ధముతో అర్ధవృత్తమును గీసి, వారు తెరమరుగగుదురు.

కుండను చూచినవాడు కుమ్మరి యుండుట నూహించునని మన నైయాయికులు వాదించిరి. కార్యము కర్తకు గుర్తు అని వారి సిద్ధాంతము. ఈ బల్ల విషయమున ఆ యూహ తలక్రిందులగుచున్నది. కార్యము ఎంత నిర్దుష్టమైన నంతగా కర్త మరుగుపడును; సమతలమును చూచినవాడు, రాయి తనంత తానే సమముగా నున్నదని తలచునే గాని, దానిని సమము చేసినవాడొకడు కలడని తలపడు. లోపము పుట్టినప్పుడు మాత్రమే ఫిట్టర్ జ్ఞప్తికి వచ్చును.

1983లో క్లిఫ్ థోర్బర్న్ క్రూసిబుల్‌లో ఒకే వంతులో 147 పాయింట్ల బ్రేక్ చేసి, ఆ వేదికపై అట్టి సంపూర్ణతను సాధించిన మొదటివాడయ్యెను. ప్రక్క బల్లపై ఆడుచున్న బిల్ వెర్బెనియక్ సైతము నడుమనున్న అడ్డుగోడ మాటునుండి తొంగి చూచెను. ఎర్రవి పదునైదు, నల్లబంతి పదునైదు మారులు, పిదప ఆరు రంగుల బంతులు, ఇట్లు ముప్పదియారు మారులు బంతి పాకెట్‌లో పడవలెను. ముప్పదియారు మారులును బల్ల సత్యము పలుకవలెను. థోర్బర్న్ నైపుణ్యమును తగ్గించి చెప్పుటకు నాకు మనసొప్పదు. కాని ఆ కార్యమునకు అతడొక్కడే కర్త యనుట అర్ధసత్యము. ఇక దైవమందురా, అదియు బల్లపై కలదు: రెండు బంతులు తాకుచోట ధూళియో సుద్దపొడియో చిక్కి బంతి ఎగిరిపడుటను ఆటగాండ్రు కిక్ అందురు. ఎంత తుడిచినను, ఎంత మెరుగుపెట్టినను దానిని పూర్తిగా తొలగింప నెవరికిని సాధ్యము కాలేదు.

ఇచ్చట నిష్కామకర్మను గూర్చి యొకమాట చెప్పక తప్పదు. ఫలమును కోరకుమన్న బోధను, ఫలము ఎట్లైనను సరే యను ఉదాసీనతగా గ్రహించుట మనలో తరచుగా కానవచ్చు దోషము. ఫిట్టర్‌కు ఫలముపై గల శ్రద్ధ తీక్ష్ణమైనది. వెంట్రుకవాసి వాలు నైనను అతడు సహింపడు. అతడు విడిచినది ఆ ఫలము తనదను అభిమానమును మాత్రమే. అంతకంటె పెద్ద దోషము మరియొకటి కలదు. నిష్కామము కర్త తనకు తాను విధించుకొనవలసిన వ్రతము; ఎదుటివాని శ్రమను అనుభవించి, నీవు ఫలమాశింపరాదు సుమా యని వానికి మనము బోధించుట ధర్మము కాదు, అపహరణము. గుడిలో రాయి చెక్కిన చేతులకు, వంటశాలలో వార్చి వడ్డించిన చేతులకు ఈ బోధనే చెప్పి మనమెంతకాలము పేరు లేకుండ చేసితిమో తలచుకొనుట బాధాకరము.

సముద్రతీరమందలి మన విశాఖపట్టణమున 2017లో ఇండియన్ ఓపెన్ స్నూకర్ పోటీ జరిగినది. జాన్ హిగ్గిన్స్ గెలిచెను. ఉప్పుగాలిలో తేమ నిండిన ఆ యూరిలో ఉన్ని వస్త్రమును ఆటకు తగినట్లు నిలుపుట సామాన్యమైన పని కాదు. మన నగరములలో ఇకముందు ఇట్టి పోటీలు నడుపువారికి నా విన్నపము: కార్యక్రమపత్రమున ఆటగాండ్ర పేర్లకును రెఫరీల పేర్లకును సరసన, అదే పరిమాణపు అక్షరములతో, బల్లను నిలిపినవారి పేర్లును అచ్చు వేయింపుడు.